కడప పాత హాలు మిద్దె మీది చెక్క లాంతరు: పీకేయాలా, బాగు చేయించాలా?

పెన్నాగట్టు:
అందరికీ నమస్కారం. కడపలో మా ట్రస్టు చేతిలో బ్రిటిష్ కాలం నాటి హాలు ఒకటి ఉంది. ఒకప్పుడు పఠన మందిరం. ఇప్పుడు సాయంత్రం పూట పిల్లలకు ట్యూషన్లు, ఎప్పుడన్నా ఒక సాహిత్య సభ. కప్పు మద్రాసు టెర్రస్. అంటే టేకు దంతెల (కప్పును మోసే అడ్డ కట్టెల) మీద పలచటి ఇటుకను అంచు మీద నిలబెట్టి సున్నంతో పేర్చి, ఆపైన సున్నపు కాంక్రీటు దిమ్మిస కొట్టినది. ఆ కప్పు నడిమధ్యన 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పుతో ఒక చెక్క లాంతరు లేచి ఉంటుంది. లాంతరు అంటే దీపం కాదు, కప్పు మీద పెట్టెలా పైకి లేపిన గాజు కట్టడం. చుట్టూ గాజు రెక్కలు, పైన బల్లచెక్కలు, వాటి మీద జింకు రేకు. కింద నిలబడి తాడు లాగితే రెక్కలు తెరుచుకునేవట. ఇప్పుడు తాళ్ళు లేవు, కప్పీలు తుప్పు పట్టినాయి, రెక్కలకు ఎవరో మేకులు కొట్టేసినారు.

2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగిన వానలు గుర్తున్నాయి కదా, అప్పటి నుంచి లాంతరు కింద బకెట్లే. కాంట్రాక్టరు ఒకాయన వచ్చి చూసి "మొత్తం పీకేసి ఇనుప ఫ్రేము పెట్టి పాలికార్బొనేట్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) షీటు వేద్దాం, రెండు రోజుల పని" అన్నాడు. కమిటీలో సగం మంది అటే మొగ్గుతున్నారు. నాకు మనసొప్పడం లేదు గానీ, "సరే, నువ్వు చెప్పు ఏం చేద్దామో" అంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఫోటోలు పెట్టినాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

తాడిపత్రి_అల్లుడు:
కాంట్రాక్టరు చెప్పిందే కరెక్టు అన్నా. పాత కట్టె మీద డబ్బులు పోస్తే మళ్ళీ పదేళ్ళకు అదే కథ. పాలికార్బొనేట్ వేసి ప్రశాంతంగా ఉండండి.

కేసీకాలువ:
ప్రశాంతంగా ఉండరు బాబూ, ఉడికిపోతారు. నేను కర్నూలులో నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పాత బంగళాల మరమ్మతులు చాలా చూసినాను. ఆ లాంతరు వెలుతురు కోసమే అనుకుంటున్నారు. మన సీమ ఎండలో దాని అసలు పని గాలి. హాల్లో వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, లాంతరు రెక్కల్లోంచి బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి కింద కిటికీల నుంచి కొత్త గాలి వస్తుంది. కప్పు ఎంత ఎత్తయితే ఈ లాగుడు అంత బలం. ఆ రెక్కలకు మేకులు కొట్టిన రోజే మీ హాలు సగం చచ్చిపోయింది. ఇప్పుడు నెత్తిన పారదర్శకమైన షీటు పెడితే ఎండ నేరుగా లోపలికి దిగుతుంది, వేడి పోయే దారి ఉండదు. మే నెలలో అందులో పిల్లల్ని కూర్చోబెట్టలేరు.

ఇంకో సంగతి. పాలికార్బొనేట్ వేడికి ఇనుము కన్నా దాదాపు ఐదింతలు సాగుతుంది. 12 అడుగుల షీటు తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ మధ్య ఒక సెంటీమీటరు దాకా జరగగలదు, షీటు వేడి గాలి వేడి కన్నా చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి. కింది ఇనుప ఫ్రేము అంత జరగదు. స్క్రూ వేసిన ప్రతి బెజ్జం కొంచెం కొంచెం పెద్దదవుతుంది. ఆ బెజ్జాల్లోంచే మళ్ళీ కారుతుంది. మీ బకెట్లు పారేయకండి.

తాడిపత్రి_అల్లుడు:
సార్, బెజ్జం పెద్దది పెట్టి రబ్బరు వాషరు వేస్తారు కదా?

కేసీకాలువ:
వేయాలి. వేస్తారా అనేదే ప్రశ్న. రెండు రోజుల పని అన్నవాడు వేయడు.

ఉలి_బాడిత:
పెన్నాగట్టు అన్నా, ఫోటోలు చూసినాను. మాది కులవృత్తి వడ్రంగమే, నందికొట్కూరు దగ్గర. పైన రంగు ఊడిపోయి, చీలికలు కనిపిస్తుంటే చూసేవాళ్ళకు మొత్తం కుళ్ళినట్టే ఉంటుంది. అట్లా కళ్ళతో చూసి తీర్పు చెప్పొద్దు. ఒక సన్నటి స్క్రూడ్రైవరు తీసుకొని మిద్దెక్కండి. ప్రతి గుంజనూ కింద, నడుమ, పైన పొడవండి. గట్టి టేకు అయితే మొన దిగదు, టక్కుమని శబ్దం వస్తుంది. కుళ్ళు ఉంటే మెత్తగా దిగిపోతుంది, బయటికి లాగితే మొనకు తడి పొడి అంటుకొని వస్తుంది. ఎక్కడ దిగిందో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. అయ్యాక దూరం నిలబడి ఆ గుర్తులు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూడండి. నా అంచనా చెప్తాను: అన్నీ కిందనే ఉంటాయి. గుంజ కాలు, అది కూర్చున్న కింది పట్టె, ఆ పట్టె మిద్దెకు తగిలే చోటు.

చెక్కకు అడ్డంగా కోసిన చివర ఉంది చూడండి, నీళ్ళు తాగేది అదే. గుంజ కాలు సరిగ్గా ఆ చివరతోనే తడి పట్టె మీద నిలబడి ఉంటుంది.

నెల్లూరోడు:
ఎర్రచందనం దుంగలు పెట్టుకోండి, మీ జిల్లాలోనే కదా 😄

ఉలి_బాడిత:
పెట్టుకొని జైలుకు పోవాలా తమ్ముడూ. అది 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార ఒప్పందంలో కట్టడి ఉన్న చెట్టు. పర్మిట్లు లేకుండా చేతిలో పట్టుకున్నా కేసే. దీనికి టేకు చాలు.

అనంత_రాధ:
ఉలి_బాడిత గారి మాటకు నా ఓటు. నేను అనంతపురంలో పాత కట్టడాల పరిరక్షణ చేసే ఆర్కిటెక్టును. ముందు చట్టం సంగతి తేల్చేస్తాను, అది చిన్నదే. మీ హాలు కేంద్ర, రాష్ట్ర రక్షిత కట్టడాల జాబితాలో లేకపోతే పురావస్తు శాఖ అనుమతి అక్కర్లేదు. కేంద్ర రక్షిత కట్టడానికి 300 మీటర్ల లోపల ఉంటే మాత్రం 2010 సవరణ చట్టం వర్తిస్తుంది, ఒకసారి చూసుకోండి. జాబితాలో లేని ఇలాంటి కట్టడాల కోసమే ఇంటాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ 2004లో ఒక చార్టర్ (పాటించాల్సిన సూత్రాల పత్రం) తెచ్చింది. దాంట్లో నాకు నచ్చేది ఏమిటంటే, స్థానిక పనివాళ్ళ చేతి నైపుణ్యాన్ని కూడా వారసత్వం కిందే లెక్కపెట్టింది. కమిటీ మీటింగులో అది చూపించండి, కాగితం చూస్తే కొందరు మెత్తబడతారు.

ఇక అసలు పని. ఏ చెక్కనూ ముట్టుకోకముందు లాంతరును నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, కొలతలతో బొమ్మ గీయండి. ప్రతి గుంజకూ, ప్రతి రెక్కకూ ఒక నంబరు. అల్యూమినియం రేకు ముక్క మీద నంబరు గుద్ది, సన్న తీగతో కట్టండి. పెన్నుతో రాసినది రంగు గీకేటప్పుడు పోతుంది. చేత్తో చేసిన రెక్కలు ఒకదాని చోట ఇంకొకటి పట్టవు, పావంగుళం తేడాకే ఇరుక్కుంటాయి.

ఒక హెచ్చరిక కూడా. ఆ కాలం రంగుల్లో సీసం ఉంటుంది. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు) దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చిందే 2017 నవంబరు 1న. అంతకు ముందు వేసిన ఏ పూతనైనా అనుమానించాల్సిందే. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దొద్దు. నీళ్ళు చల్లి గీకాలి, మాస్కు పెట్టుకోవాలి, గీకిన పెళ్ళలన్నీ పట్ట మీద పడేలా చూసి మూట కట్టాలి. కింద పిల్లలు చదువుకునే చోటు అది. పని జరిగినన్నాళ్ళు ట్యూషన్లు వేరే చోట పెట్టండి.

పెన్నాగట్టు:
ధన్యవాదాలు అక్కా, అన్నా, సార్. కమిటీకి కొంచెం టైం అడిగినాను. ఈ ఆదివారం పొడిచి చూస్తాను.

పాత_అటక:
మధ్యలో ఒక మాట, విషయానికి కొంచెం పక్కన. ఇంగ్లండులో ఈలీ అనే ఊరి చర్చి మీద చెక్క లాంతరు ఉంది. 1322లో నడిమి రాతి గోపురం కూలిపోతే, ఆ ఖాళీ మీద మళ్ళీ రాయి ఎత్తే ధైర్యం చాలక చెక్కతో కట్టినారు. ఎనిమిది ఓక్ గుంజలు, ఒక్కొక్కటి దాదాపు 63 అడుగులు. విలియం హర్లీ అనే రాజుగారి వడ్రంగి పని అది. పైన సీసం తొడిగినారు. మధ్యలో ఎన్నో మరమ్మతులు జరిగినా ఏడు వందల ఏళ్ళ కింద పుట్టిన ఆ లాంతరు ఇంకా నిలబడి ఉంది. "పాత కట్టె పదేళ్ళకు మించి ఉండదు" అన్న అల్లుడు గారికి అంకితం.

తాడిపత్రి_అల్లుడు:
మంచిది సార్. ఆ ఊరికి మన ఎండ లేదు, మన చెదలు లేవు. అది కూడా చెప్పండి.

పెన్నాగట్టు:
పొడిచి చూసినాను. ఉలి_బాడిత అన్న చెప్పినట్టే. ఎనిమిది గుంజల్లో నైరుతి మూలది, దాని పక్కది అడుగు దగ్గర జానెడు ఎత్తున పోయినాయి. పడమటి వైపు కింది పట్టె సగం పొడవు మెత్తబడింది. మిగతా చెక్క రాయిలా ఉంది, మొన దిగలేదు. రెక్కల్లో రెండింటికి అడుగు కమ్మీ ఊడింది. పై బల్లచెక్కలు బాగున్నాయి.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. లాంతరు చుట్టూ మిద్దె మీద ఎవరో ఎప్పుడో సిమెంటుతో మందంగా దిండు కట్టినారు, పట్టె సగం దాకా అందులో మునిగి ఉంది. దాని మీద తెల్లటి సీలెంటు మూడు నాలుగు పొరలు.

కేసీకాలువ:
దొంగ దొరికినాడు.

ఆ దిండు కట్టినవాడు మంచి చేద్దామనే కట్టి ఉంటాడు. జరిగేది ఇది: సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, చెక్క ఎండకు కుంచించుకుంటుంది, రెండూ ఒకదాని నుంచి ఒకటి జరిగి మధ్యలో వెంట్రుకంత సందు పడుతుంది. ఆ సందులోకి వాన నీళ్ళు దిగుతాయి. దిగినది ఆరడానికి దారి లేదు, ఎందుకంటే సిమెంటు లోపలి నుంచి తడిని బయటికి పోనివ్వదు, పైన సీలెంటు మూత. చెక్కలో తేమ 20 శాతం దాటి అట్లనే ఉండిపోతే కుళ్ళు బూజుకు అంతకన్నా ఏం కావాలి? మీ టేకు దోషం కాదిది. పట్టెను సిమెంటులో నానబెట్టినారు, అంతే. నైరుతి మూలే ముందు పోవడం కూడా అందుకే, గాలివాన కొట్టేది ఆ వైపు నుంచి.

కాబట్టి వరస మార్చుకోండి. ముందు సిమెంటు తీయాలి, తర్వాత చెక్క. కొత్త టేకు తెచ్చి అదే దిండులో మళ్ళీ పాతిపెడితే ఈ థ్రెడ్డు మళ్ళీ తెరుచుకోవాల్సి వస్తుంది.

బేల్దారి_మనవడు:
సిమెంటు తీసేటప్పుడు బ్రేకర్ మిషను పెట్టొద్దు సార్. మద్రాసు టెర్రస్‌లో ఇటుక పలచన, ఆ అదురుకు కింద సున్నం వదిలి ఇటుకలు హాల్లో పడతాయి. సన్న ఉలి, చిన్న సుత్తి, ఓపిక. మనిషి కూడా మిద్దె మీద నేరుగా కూర్చోకుండా దంతెలకు అడ్డంగా పలకలు వేసుకొని కూర్చోవాలి.

తీసినాక గార వేయాలి. మా జేజినాయన గానుగలో సున్నం రుబ్బించేవాడు. ఇప్పుడు గానుగ ఎద్దు ఎక్కడ తెస్తాం, మిక్సర్లోనే రుబ్బుతున్నారు. బాగానే వస్తుంది, టైం ఇవ్వాలంతే. సున్నం నానబెట్టి కనీసం రెండు మూడు వారాలు మాగనివ్వండి. ఒకటికి మూడు పాళ్ళు ఇసుక, ఆ ఇసుకలో కొంత తీసి ఇటుక పొడి. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలుపుతారు. వేసినాక ఎండకు వదిలేయకండి. కడప ఎండకు గార రెండు గంటల్లో పైన ఎండి లోపల పిండిగానే ఉంటుంది. తడి గోనెపట్టలు కప్పి కనీసం వారం పది రోజులు తడపాలి.

ఎర్రగుంట్ల చుట్టూ సున్నపురాయి తవ్వి దేశమంతా సిమెంటు పంపుతున్నారు, మంచి సున్నం కోసం మాత్రం మనమే ఊరూరా తిరుగుతున్నాం. అదీ మన రాత.

ఉలి_బాడిత:
ఇప్పుడు చెక్క. కుళ్ళిన గుంజలు రెండూ మొత్తం మార్చొద్దు. కుళ్ళు పైన గట్టి చెక్క తగిలే దాకా కోసి, కొత్త కాలు వాలు అతుకుతో (రెండు చివరలూ ఏటవాలుగా కోసి) కలపాలి. అతుకు పొడవు గుంజ మందానికి కనీసం మూడింతలు. ముఖ్యం ఏమిటంటే వాలు బయటి వైపుకు దిగాలి. లోపలికి దిగితే అతుకే నీళ్ళకు కాలువ అవుతుంది. అతుకులో జిగురు, అడ్డంగా రెండు చెక్క చీలలు. ఇనుప మేకు వద్దు, తుప్పుకు ఉబ్బి చెక్కను లోపలి నుంచి చీలుస్తుంది. ఎక్కడైనా లోహం తప్పదంటే ఇత్తడి స్క్రూలు.

కింది పట్టె పడమటి వైపు కొత్తది చేయండి. పై ముఖానికి తొమ్మిది పది డిగ్రీల వాలు ఉండాలి, నీళ్ళు నిలవకుండా. కింది ముఖంలో, బయటి అంచుకు వేలెడు లోపలగా ఒక గాడి తీయాలి. ఎందుకంటే వాన నీళ్ళు అంచు కిందుగా చెక్కను పట్టుకొని లోపలికి పాకుతాయి, గాడి దగ్గరకు రాగానే పట్టు తప్పి చుక్కగా రాలిపోతాయి. పాత పట్టెకు ఆ గాడి ఉందో లేదో చూడండి. ఉంటే దాంట్లో రంగు, సిమెంటు పూడిపోయి ఉంటాయి, అవి తీసేయండి.

కలప కొత్తది కొనకండి. పాత మిద్దెలు పడగొట్టిన చోట దంతెలు అమ్ముతారు, బిల్లు అడిగి తీసుకోండి. ఎన్నో ఏళ్ళు ఎండిన చేవ టేకు అది, ఇక మెలిక తిరగదు. తోటల్లో తొందరగా పెంచిన టేకులో పాలచెక్క (చేవ చుట్టూ ఉండే లేత చెక్క) ఎక్కువ, పురుగు పట్టేది దానికే. కోసే ముందు మేకులన్నీ పీకండి, లేకపోతే నా రంపం ఉసురు తగుల్తుంది.

అనంత_రాధ:
ఒక చిన్న అభిప్రాయ భేదం. రెక్కల కమ్మీల్లో చిన్న చిన్న గుంటలకు చెక్క ముక్క అతికించే బదులు ఎపాక్సీ (గట్టిపడే రసాయన జిగురు) పూరకం వాడవచ్చు. పాత చెక్క ఎక్కువ మిగులుతుంది.

ఉలి_బాడిత:
మేడం, నీడలో ఉన్న కమ్మీకైతే సరే. ఎండా వానా తగిలే చోట వద్దంటాను. చెక్క ఏడాదికి రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది, ఎపాక్సీ ఎటూ కదలదు. రెండు మూడేళ్ళకు అంచు విడిపోతుంది. మళ్ళీ అదే సిమెంటు కథ.

అనంత_రాధ:
మెత్తగా ఉండే రకాలున్నాయి, నేను పడమటి ఎండ తగిలే చోటే వాడి చూశాను, నిలబడింది. అయితే వేసేవాళ్ళకు చేయి తిరిగి ఉండాలన్నది ఒప్పుకుంటాను. ఇక్కడ మీ చేతే ఉంది కాబట్టి మీరు చెప్పినట్టే కానివ్వండి.

తాడిపత్రి_అల్లుడు:
చెదల మందు సంగతి ఎవరూ మాట్లాడలేదు.

అనంత_రాధ:
మంచి ప్రశ్న. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం చెక్కకు పూయవచ్చు, పురుగుకూ బూజుకూ రెండింటికీ పనిచేస్తుంది. మనుషులకు పెద్ద ప్రమాదం లేదు. కానీ అది నీళ్ళలో కరిగే మందు. పూసి వదిలేస్తే మొదటి వానకే కొట్టుకుపోతుంది. పూసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆపైన రంగు పడాలి. చెదలు మిద్దె దాకా రావాలంటే గోడ వెంట మట్టి బాట కట్టుకొని రావాలి, కాబట్టి హాలు లోపల గోడ మూలలు కూడా చూసుకోండి.

పెన్నాగట్టు:
సిమెంటు తీయించినాం. బేల్దారి పదహారణాల ఓపికమంతుడు, ఒక్క ఇటుక కూడా కదల్లేదు. దిండు కింద ఏముందో తెలుసా, పాత సీసపు రేకు! పట్టె నుంచి మిద్దె మీదికి వాలుగా పరిచి ఉంది. అక్కడక్కడా చినిగింది. అంటే మొదట కట్టినవాళ్ళు నీళ్ళ సంగతి ఆలోచించే కట్టినారు. దాని మీదనే సిమెంటు పోసి పూడ్చినారు. కమిటీ ప్రెసిడెంటు గారిని నిచ్చెనెక్కించి చూపించినాను. దిగి "సరే, ఆ షీటు సంగతి వదిలెయ్" అన్నారు.

ఇప్పుడు కొత్త సీసపు రేకు ఎక్కడ దొరుకుతుంది? హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే వింతగా చూస్తున్నారు.

కేసీకాలువ:
ఎక్స్‌రే గదులకు గోడల్లో సీసపు రేకు వేస్తారు. ఆ పని చేసేవాళ్ళను అడగండి, చుట్టలుగా ఉంటుంది. పరిచేటప్పుడు 12 అడుగులూ ఒకే ముక్క వేయొద్దు. సీసం వేడికి బాగా సాగి, చల్లబడ్డప్పుడు వెనక్కి రాలేక మడతపడి చినుగుతుంది. చల్లటి దేశాల్లోనే ఒక్కో ముక్క మీటరున్నర దాటనివ్వరు. మన ఎండకు మీటరు లోపలే ఉంచి, ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు పరవండి. పై అంచు మాత్రమే బిగించాలి, కింది అంచు వదిలేయాలి, దానికి కదలడానికి జాగా కావాలి. పట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా అన్నం తినొద్దని పనివాళ్ళకు చెప్పండి.

పెన్నాగట్టు:
గాజులకు లప్పం సంగతి కూడా చెప్పండి. పాత గాజులు చాలావరకు బాగున్నాయి, కొంచెం అలలు అలలుగా కనిపిస్తాయి. పిల్లలకు అదే సరదా.

ఉలి_బాడిత:
వాటిని పారేయకండి, అట్లాంటివి ఇప్పుడు దొరకవు. రెక్కలు నిలువుగా ఉన్నాయి కాబట్టి పాత గాజే పెట్టొచ్చు. నెత్తి మీద వాలుగా ఉండుంటే లామినేటెడ్ గాజు (పగిలినా ముక్కలు రాలనిది) వేయమనేవాణ్ణి.

లప్పం అంటే సుద్ద పొడి, అవిసె నూనె. చపాతీ ముద్ద మాదిరి పిసకాలి, చేతికి అంటకుండా వచ్చేదాకా. ముందు చెక్క గాడికి నూనె ఒక చేయి పూయండి, లేకపోతే ఎండిన చెక్క లప్పంలోని నూనెను పీల్చేసి అది పొడిపొడిగా రాలిపోతుంది. పట్టించినాక పైన పొర కట్టడానికి రెండు మూడు వారాలు ఆగి అప్పుడు రంగు వేయాలి. రంగు లప్పం దాటి గాజు మీదికి సన్నగా ఒక గీత ఎక్కాలి, నీళ్ళు సందులోకి పోకుండా.

అన్నిటికన్నా పెద్ద మాట. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ముద్ద చేసి మూల పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు తనంతట తానే వేడి పుట్టిస్తుంది, ముద్దలో వేడి పోయే దారి లేక అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. మన ఎండాకాలంలో ఇంకా తొందర. గుడ్డలు విడివిడిగా బయట ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచండి. ఇప్పుడు మీ బకెట్లకు పని దొరికింది.

నెల్లూరోడు:
పావురాలు?

పెన్నాగట్టు:
అడగొద్దు తమ్ముడూ. పై బల్లచెక్కల సందులో తరతరాల సంసారం. రెట్టలు గంపలకొద్దీ దింపినాం.

అనంత_రాధ:
ఆ రెట్టలు కూడా తడి చేసి, మాస్కు పెట్టుకొనే ఎత్తాలి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. రెక్కలు తెరిచి ఉంచుతారు కాబట్టి లోపలి వైపు స్టెయిన్‌లెస్ స్టీలు జల్లెడ బిగించండి. విడిగా చట్రం చేసి బిగించండి, రెక్కకే కొట్టేస్తే శుభ్రం చేయడానికి ఉండదు. మరీ సన్న కళ్ళ జల్లెడ వద్దు, గాలి సగం ఆగిపోతుంది. పావురం దూరకపోతే చాలు.

కేసీకాలువ:
పని ఎప్పటికి అవుతుంది? జూన్ లోపల కప్పు మూయకపోతే కష్టం. మనకు నైరుతి ఒక దెబ్బ, అక్టోబరు నవంబరుల్లో రెండో దెబ్బ. ఈలోగా ఎండాకాలం గాలివానలకు టార్పాలిన్ సిద్ధంగా ఉంచండి. చెక్కకు చుట్టి బిగించొద్దు, పైన వెదురుతో పందిరి వేసి దాని మీద కప్పండి, కింద గాలి ఆడాలి.

పెన్నాగట్టు:
గుంజల కాళ్ళు అతికినాయి, పట్టె కూర్చుంది, సీసం పరిచినాం. గార మీద గోనెపట్టలు తడుపుతున్నాం. కప్పీలు కిరోసిన్లో నానబెడితే నాలుగింటిలో మూడు తిరిగినాయి. ఒకటి ఇత్తడి పనివాడి దగ్గర పోత పోయిస్తున్నాం. ఇక తాడు ఒక్కటే. నైలాన్ తాడు వేయమంటున్నారు, వేయొచ్చా?

ఉలి_బాడిత:
నైలాన్ వద్దన్నా. బరువుకు సాగుతుంది, రెక్క సగమే తెరుచుకుంటుంది. పైగా గాజులోంచి వచ్చే ఎండకు పెళుసెక్కి ఒకరోజు తెగి రెక్క ధడాలున మూసుకుంటుంది, గాజు పోతుంది. అల్లిన నూలు తాడు గానీ సన్న ఇత్తడి గొలుసు గానీ వేయండి. కింద గోడకు తాడు చుట్టే కొక్కెం పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

సారవ ఇప్పుడే విప్పొద్దు. నేను మంగళవారం కడపకు వస్తున్నాను, రెక్కలు ఎక్కించేటప్పుడు ఉంటాను. నంబర్ల రేకులు తీసేయకుండా అట్లే ఉంచమని చెప్పండి.